కారులో కరెంటు, ట్యాంకులో నీళ్లు

నేను వాహన రుణాల విభాగంలో పనిచేస్తాను. కోల్‌కతాలోని మన తెలుగు కుటుంబాల వాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్నది వడ్డీ గురించి కాదు. “ఎలక్ట్రిక్ కారు కొంటే తుపానప్పుడు ఇంటికి కూడా కరెంటు ఇస్తుందటగా, నిజమేనా?” అని అడుగుతున్నారు. నిజమే. కానీ ఏ కారు, ఎంత, ఎంతసేపు, ఏ తీగ మీదుగా అనే నాలుగు సంగతులు తేల్చుకోకపోతే ఆ “నిజమే” వల్ల ఉపయోగం లేదు. నాలుగోదాంట్లో తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

కోల్‌కతాకు కరెంటు కొత్త కాదు. ఇప్పటి సీఈఎస్‌సీకి మూలమైన కంపెనీ ఇక్కడి ఇమామ్‌బాగ్ లేన్‌లో 1899 ఏప్రిల్‌లోనే విద్యుత్ కేంద్రాన్ని నడిపింది. కరెంటు పోవడమూ కొత్త కాదు. 1970లు, 80లలో గంటల తరబడి చీకట్లో గడిపిన వాళ్లు ‘లోడ్‌షెడింగ్’ అనే మాటను బెంగాలీ మాటలాగే వాడతారు. ఇప్పుడు ఆ బాధ లేదు. కాలబైశాఖి గాలివాన వచ్చినా గంటా రెండు గంటల్లో దీపాలు వెలుగుతాయి. చాలా ఇళ్లలో పాత ఇన్వర్టర్ పాడైతే కొత్తది కొనడం కూడా మానేశారు.

2020 మే 20 సాయంత్రం ఆంఫన్ తుపాను ఈ ధీమాను పోగొట్టింది. నగరంలో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలికి వేల చెట్లు కూలాయి. చెట్లతో పాటు తీగలూ స్తంభాలూ పడ్డాయి. చెట్లు తొలగించడానికి సైన్యం రావలసి వచ్చింది. బెహాలా, జాదవ్‌పూర్, గడియా వైపు కొన్ని పేటల్లో కరెంటు రావడానికి రోజులు పట్టింది. లాక్‌డౌన్ కాలం కాబట్టి బంధువుల ఇంటికి వెళ్దామన్నా దారి లేదు. నేను బదిలీ మీద ఇక్కడికి వచ్చింది ఆ తరువాతే. మా పై అంతస్తు మాషీమా ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు చీకటి గురించి ఒక్క మాటలో ముగిస్తారు. నీళ్ల గురించి మాత్రం గంటసేపు చెబుతారు. పంపు నడవక పై ట్యాంకు ఎండిపోయింది. నాలుగు అంతస్తులు బకెట్లతో మోశారు. అప్పట్లో జనం రోడ్ల మీదికి వచ్చి అడిగింది కూడా కరెంటూ నీళ్లే. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ చూసిన మన సిబ్బంది కుటుంబాలకు ఇది విడమరచి చెప్పనవసరం లేదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పిల్లలు పక్కన ఉంటే కూర్చోబెట్టుకోండి, ఎనిమిదో తరగతి లెక్కే.

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన కరెంటు బిల్లులో ఉండేది ఇదే. ఇళ్లలో వాడే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. ఆచరణలో అంత రాదు. 2023 సెప్టెంబరులో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ పెద్ద బ్యాటరీ రకంలో 40.5 యూనిట్లు ఉంటాయి. అంటే అలాంటి ఇన్వర్టర్ బ్యాటరీలు ఇరవై రెండు కింద పార్కింగ్‌లో నిలబడి ఉన్నట్టే. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌లో పెద్ద రకానికి 51.4, బీవైడీ ఆటో 3లో పెద్ద రకానికి 60 యూనిట్ల పైన ఉంటాయి.

అయితే గంగాళం నిండా నీళ్లున్నా చెంబుతోనే తోడుకోవాలి. యూనిట్లు గంగాళం అయితే వాట్లు చెంబు. బ్యాటరీలో ఉండేది ఒకే వైపు పారే డీసీ కరెంటు. ఇంటి వస్తువులకు కావలసింది 230 వోల్టుల ఏసీ. ఈ మార్పు చేసే పరికరం కొన్ని కార్లలోనే ఉంటుంది. దాన్ని ‘వెహికల్ టు లోడ్’, పొట్టిగా ‘వీటూఎల్’ అంటారు. చార్జింగ్ చేసే చోటే ఒక అడాప్టర్ తగిలిస్తే దాని రెండో కొసన మామూలు ప్లగ్ పెట్టుకునే సాకెట్ వస్తుంది. నెక్సాన్‌లో దీని పరిమితి 3.3 కేవీఏ, హ్యుందాయ్ అయానిక్ 5లో 3.6 కిలోవాట్లు. చెంబు అంతే. బ్యాటరీ ఎంత పెద్దదైనా ఒకేసారి దానికి మించి రాదు. ఒక మోడల్ పేరు చూసి అన్ని రకాల్లోనూ ఈ సౌకర్యం ఉంటుందనుకోవద్దు. చాలా చోట్ల ఖరీదైన రకానికే ఇస్తున్నారు. అడాప్టర్ కారుతో పాటే ఇస్తారా, విడిగా కొనాలా అనేది కూడా అడగాలి.

మా ఇంటి లెక్క చూడండి. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, పదహారు గంటలు: 3.6 యూనిట్లు. ఫ్రిజ్‌కు రోజుకు 1.2 వేశాను. 9 వాట్ల బల్బులు ఐదు, ఆరు గంటలు: పావు యూనిట్ పైచిలుకు. వైఫై డబ్బా రోజంతా ఉంటే మరో పావు. ఫోన్లూ ల్యాప్‌టాప్ కలిపి 0.3. మొత్తం 5.6. డీసీని ఏసీగా మార్చడంలో కొంత పోతుంది, కారు కూడా తన కోసం కొంత తీసుకుంటుంది. కాబట్టి 6.5 అనుకుందాం. 40 యూనిట్ల కారులో 12 యూనిట్లు ఆస్పత్రి అవసరానికి కదపకుండా ఉంచుదాం. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది కనుక అది డెబ్బై ఎనభై కిలోమీటర్ల దారి. మిగిలిన 28 యూనిట్లతో ఇల్లు నాలుగు రోజులు గడుస్తుంది. పాత ఫ్యాన్ల బదులు 30, 35 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లుంటే ఇంకా సాగుతుంది. ఏసీ జోలికి వెళితే మాత్రం లెక్క మారిపోతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే పది యూనిట్ల దాకా లాగేస్తుంది. ఇండక్షన్ స్టవ్ పూర్తి మంట మీద 2000 వాట్లు. అది నడిచే పది నిమిషాలు మిక్సీని, గీజర్‌ను మరచిపోవాలి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ మీద ఆధారపడిన పెద్దవాళ్లుంటే ఈ లెక్కకు వేరే విలువ వస్తుంది. నిమిషానికి ఐదు లీటర్లిచ్చే యంత్రం 350 వాట్లు తీసుకుంటుందనుకుంటే పది గంటలకు మూడున్నర యూనిట్లు. ఇన్వర్టర్ ఒక రాత్రి కూడా మోయలేని ఆ బరువును కారు వారం రాత్రులు మోస్తుంది. ఇన్సులిన్ పెట్టుకునే ఫ్రిజ్ సంగతీ అంతే.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ కారు కింద ఉంది, మనం నాలుగో అంతస్తులో ఉన్నాం. కోల్‌కతాలో చాలామందిది ఫ్లాటే. సొంత ఇల్లు, పక్కనే షెడ్డు ఉన్న వాళ్లకు చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. మెట్ల మీదుగా తీగ లాగవచ్చు. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయి ఉండాలి, చుట్ట పూర్తిగా విప్పాలి (చుట్టగా ఉంచి ఎక్కువ కరెంటు లాగితే వేడెక్కి కాలిపోతుంది), కాళ్లకు తగలకుండా గోడవారగా పోవాలి, తడవకూడదు. ఒక ఇంటికైతే ఇది నడుస్తుంది. ఎనిమిది ఇళ్ల వాళ్లు చూస్తుండగా ఒక ఇంట్లోనే ఫ్యాన్ తిరిగితే ఆ ఇంటివాళ్లకు నిద్ర పట్టదని నా అభిప్రాయం.

అందుకే నేను మాషీమా మాటకే వస్తాను. ముందు నీళ్లు.

వెయ్యి లీటర్ల నీటిని పదిహేను మీటర్ల ఎత్తుకు, అంటే నాలుగంతస్తుల పైన ట్యాంకుకు ఎక్కించడానికి భౌతికశాస్త్రం అడిగే శక్తి 0.04 యూనిట్. పంపు సామర్థ్యం ముప్పై శాతమే అనుకున్నా 0.14 యూనిట్. ఎనిమిది ఇళ్లకు ఇంటికి 500 లీటర్ల చొప్పున 4000 లీటర్లకు అర యూనిట్ పైచిలుకు. పైపు వంపులు, పాత పంపు అన్నీ కలిపి ఒక యూనిట్ వేసుకుందాం. నలభై యూనిట్ల కారులో ఒక్క యూనిట్‌తో ఎనిమిది ఇళ్లకు ఒక రోజు నీళ్లు! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేనే నమ్మక రెండుసార్లు సరిచూశాను.

మరి అడ్డేమిటంటే, మోటారు తిరుగుతున్నప్పటి కంటే స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక హెచ్‌పీ పంపు మామూలుగా ఐదారు ఆంపియర్లు తీసుకున్నా మొదటి క్షణంలో ముప్పై దాకా అడుగుతుంది. కారు ఇవ్వగలిగింది పద్నాలుగు పదిహేను. వెంటనే కారు కరెంటు ఆపేస్తుంది. స్టార్టింగ్‌ను మెత్తబరిచే పరికరాలు దొరుకుతాయి. మీ పంపుకు అవి సరిపోతాయో లేదో పంపు మెకానిక్ చూసి చెప్పాలి. పెద్ద అపార్ట్‌మెంట్లలో పంపు త్రీఫేజ్ అయితే కారు సింగిల్ ఫేజ్ కనుక ఆశ వదులుకోవాలి. లేదంటే అర హెచ్‌పీ చిన్న పంపు ఒకటి అత్యవసరానికి విడిగా పెట్టుకోవాలి. మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నేను అడుగుతున్నది ఇదే. ఏది చేసినా ఎండ కాసే ఒక ఆదివారం కేర్‌టేకర్‌ను పక్కన పెట్టుకుని నడిపి చూడాలి. తుపాను రాత్రి మొదటిసారి ప్రయత్నించే పని కాదిది.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. రెండు వైపులా ప్లగ్ ఉన్న తీగ చేయించి, ఒక కొస కారుకు, మరో కొస గోడ సాకెట్‌కు పెట్టి “ఇల్లంతా వెలిగించాను” అనే తెలివైన వాళ్లుంటారు. దయచేసి వద్దు. మెయిన్ ఆపడం మరచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. 11,000 వోల్టులను దించి మనకిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి అదే నిష్పత్తిలో పెంచుతుంది. లైన్ చచ్చిపోయిందనుకుని తెగిన తీగను చేత్తో పట్టుకున్న లైన్‌మన్ అక్కడ ఉంటాడు. తుపాను తరువాత మన కోసం చెట్ల మధ్య పనిచేసేది అతనే. కారు కరెంటును ఇంటి వైరింగుకు కలపాలంటే మధ్యలో చేంజోవర్ స్విచ్ ఉండాలి. ఒకటి వైపు వీధి కరెంటు, రెండు వైపు కారు, మధ్యలో సున్నా. రెండూ ఎన్నడూ కలవవు. దాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే పెట్టాలి. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ సంగతి కూడా అతనే చూడాలి. వీధి కరెంటు మీద షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ, కారు కరెంటు మీద కూడా అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు. ఇంత ఏర్పాటు లేని వాళ్లు వస్తువులను నేరుగా కారు తీగకే తగిలించుకోవడం మేలు.

ఇల్లంతటికీ కారే కరెంటు ఇవ్వడం జపాన్‌లో మొదలై చాలా కాలమైంది. 2011 మార్చి భూకంపం తరువాత, 2012లో నిస్సాన్ కంపెనీ నిచికాన్ అనే సంస్థతో కలిసి లీఫ్ కారు నుంచి ఇంటి బోర్డుకు 6 కిలోవాట్లు ఇచ్చే పెట్టెను అమ్మకానికి తెచ్చింది. 2019 సెప్టెంబరులో చిబా ప్రాంతాన్ని తుపాను ముంచి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు అలాంటి కార్లను తీసుకువెళ్లి ఫ్యాన్లు తిప్పారు, ఫోన్లు చార్జ్ చేశారు. ఆ కార్ల చార్జింగ్ పద్ధతిలో కరెంటు రెండు వైపులా పోయే వీలు ముందునుంచే ఉంది. మన కార్లు వాడే సీసీఎస్ 2 పద్ధతికి ఆ వీలు కల్పించే అంతర్జాతీయ ప్రమాణం 2022లో గానీ రాలేదు. ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది వీటూఎల్ చెంబే.

మరో ముఖ్యమైన మాట వాన నీళ్ల గురించి. 2025 సెప్టెంబరు 23న, పూజలకు ముందు, కోల్‌కతాలో ఒక్క రోజులో 250 మిల్లీమీటర్ల వరకు వాన పడింది. చనిపోయిన వారిలో ఎక్కువ మంది విద్యుదాఘాతంతోనే పోయారు. పార్కింగ్‌లో నీళ్లు నిలిస్తే కారును చార్జ్ చేయవద్దు, దాని నుంచి కరెంటు తీయనూ వద్దు. సెల్లార్‌లో ఉంటే ముందే ఎత్తైన చోటికి చేర్చాలి. తుపాను చెప్పకుండా రాదు. ఆంఫన్ మే 16న పేరు పెట్టుకుని 20న తీరం దాటింది. ఆ నాలుగు రోజుల్లో కారును నూటికి నూరు శాతం నింపి మెరక మీద పెట్టుకోవచ్చు. దారులు తెరిచాక కరెంటు ఉన్న పేటకు వెళ్లి మళ్లీ నింపుకుని రావచ్చు. ఇన్వర్టర్‌తో ఆ సౌకర్యం లేదు.

అలా అని ఇన్వర్టర్‌ను తీసేయమనను. పది నిమిషాలు పోయే కరెంటుకు కారు దగ్గరికి పరిగెత్తడం చాదస్తం. ఒక్క బల్బు కోసం రాత్రంతా వీటూఎల్ ఆన్‌లో ఉంచితే బల్బు కంటే కారే ఎక్కువ తాగుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇలా వాడితే బ్యాటరీ అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 28 యూనిట్లు తీయడం ఖరగ్‌పూర్ దాకా వెళ్లి రానిచ్చే పాటి ఖర్చే కాదు. రానుపోను అంతకంటే ఎక్కువే పడుతుంది.

రుణం కోసం వచ్చే ముందు షోరూమ్‌లో మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: మీరు కొనే రకానికే వీటూఎల్ ఉందా, దాని వాట్లు ఎన్ని, దాన్ని వాడితే బ్యాటరీ వారంటీ చెల్లుతుందా. కొన్ని కార్లలో బ్యాటరీ ఇంత శాతానికి దిగగానే కరెంటు ఇవ్వడం ఆపేయమని ముందే చెప్పి ఉంచే వీలుంటుంది. డెలివరీ రోజునే ఆ పని చేయించుకోండి. అడాప్టర్ విడిగా కొనాల్సి వస్తే దాన్ని కొటేషన్‌లో చేర్చమనండి. యాక్సెసరీల ఖర్చు రుణంలో కలుస్తుందా లేదా అనేది పథకాన్ని బట్టి ఉంటుంది కనుక మీ శాఖలోనే ముందుగా అడిగి తెలుసుకోండి.