ఆగిన రోజు ఎవరిది?

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో టీ తాగుతుంటే మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, మూడు చోట్ల రమ్మంటున్నారు. దేంట్లో చేరమంటావు?"

ఒకటి పార్సిల్ కంపెనీ కంటైనరు. నెలకు 20,000 జీతం, బండి మీదున్న రోజుకు 400 బత్తా. రెండోది ఆకివీడు నుంచి హౌరాకు చేపల లోడు. ట్రిప్పుకు, అంటే పోనూ రానూ కలిపి, 10,000, తిండి మనదే. మూడోది పది టైర్ల బండి, ఓనరుది అదొక్కటే. జీతం 25,000 గానీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు చూపించాలి. మావాడి మనసు చేపల లోడు మీదుంది. నెలకు నాలుగు ట్రిప్పులు, 40,000 అని గుమస్తా ఊరించాడట.

ఇరవై ఆరేళ్లు స్టీరింగు పట్టిన నాకు నాలుగు ట్రిప్పులు దొరికిన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జేబులోంచి చీటీ తీసి, ముందు డబ్బు కాదురా, రోజులు రాయమన్నాను.

ఐసు కరగకముందే సరుకు దించాలి కనక పోవడానికి రెండు రోజులు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. రిటర్న్ లోడు కోసం మూడు రోజులు పార్కింగులో పడిగాపులు. రావడం మూడు రోజులు. ఆకివీడులో మళ్లీ టర్ను వచ్చేదాకా ఇంకో రెండు. మొత్తం పది. అంటే నెలకు మూడే ట్రిప్పులు, 30,000. తిండికీ టీకీ స్నానానికీ రోజుకు 350 వేస్తే 10,500 పోయింది. మిగిలింది 19,500.

కంటైనరుకు 24 రోజులు బండి మీద ఉంటాడనుకున్నాం. జీతం, బత్తా కలిపి 29,600. తిండికి 8,400, పీఎఫ్ కింద 1,800 తీసేస్తే 19,400. వాడు చీటీ కేసి అలాగే చూస్తుండిపోయాడు. నలభై వేల ఉద్యోగమూ ఇరవై వేల ఉద్యోగమూ చేతికొచ్చేసరికి వంద రూపాయల తేడా! పైగా కంటైనరులో అయితే ఆరు రోజులు ఇంటి పట్టునుంటాడు, పీఎఫ్‌లో కంపెనీ కూడా అంతే వేస్తుంది. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ కార్డు గురించి కూడా అడగమన్నాను.

రోజులు తేలాక అడగాల్సింది ఒకటే: బండి ఆగితే ఆ రోజు ఎవరిది? సరుకు దించడం ఆలస్యమైతే పార్టీ దగ్గర ఓనరు హాల్టింగ్ వసూలు చేసుకుంటాడు. అందులో డ్రైవరుకు ఎంతో ఎవరూ తమంతట తాము చెప్పరు. జీఎస్టీ రాకముందు ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర నేను కాగితాల తేడాతో నాలుగు రోజులు ఆగిపోయాను. తప్పు ఆఫీసుది. బత్తా మాత్రం రెండు రోజులకే ఇచ్చారు. "కూర్చున్నదానికి కూడా డబ్బులేంటయ్యా" అన్నాడు ఓనరు. నేనేమో ఆ బండి కిందే పడుకుని టార్పాలిన్‌కు కాపలా కాశాను.

పది టైర్ల బండి సంగతి డీజిల్లో ఉంది. 1,200 కిలోమీటర్లకు, లీటరుకు నాలుగు చొప్పున, 300 లీటర్లిస్తారు. పాత బండి, నిండు లోడు, ఘాట్ రోడ్డు అయితే 3.75 వస్తే గొప్ప. 320 లీటర్లు తాగుతుంది. ఆ ఇరవై లీటర్లు, 95 చొప్పున వేసినా, ట్రిప్పుకు 1,900 మనవాడి జీతంలోంచి కోత. మైలేజీ షరతు పెట్టినవాణ్ణి, ఇంతకుముందు డ్రైవరు ఎంత తీశాడో డీజిల్ బిల్లులు చూపించమనాలి. చూపించకపోతే టీ తాగి నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఓవర్‌లోడ్ గురించి మొహమాటం అసలు పనికిరాదు. 2018లో పది టైర్ల బండి మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు. పెంచినా ఆశ ఆగదు. 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000, పైన ఎక్కువున్న ప్రతి టన్నుకూ 2,000. నాలుగు టన్నులు ఎక్కించి పట్టుబడితే 28,000. మావాడి నెల జీతం కన్నా ఎక్కువ. కాటా చీటీ ఫోటో తీసి ఆఫీసుకు పంపాకే బండి కదిలిస్తానని చేరకముందే చెప్పాలి.

టైము సంగతికి నా దగ్గరొక కొలబద్ద ఉంది. ఈ-వే బిల్లుకు మామూలు సరుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. ప్రభుత్వం కాగితమే అంత తీరిగ్గా ఉంటే, ఒక్కడే డ్రైవరున్న బండిని రోజుకు 700 తోలమనే ఆఫీసుకు తొందర ఎందుకు? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే అప్పట్లోనే రోజుకు ఎనిమిది గంటల పని అని రాసింది. ఎనిమిది గంటలే తోలిన డ్రైవర్ని నేనింతవరకు చూడలేదు, అది వేరే మాట. రెండో డ్రైవరు ఉంటాడా, క్లీనరుతో సరిపెడతారా అన్నది మాత్రం అడిగి తీరాలి.

ఇక బండి చూడటం. నంబరు అడిగి ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు చూసుకోవాలి. టైర్లు చేత్తో తడమాలి. క్యాబిన్లో ఏసీ ఉందా? 2025 అక్టోబరు 1 నుంచి తయారైన పెద్ద బండ్లకు తప్పనిసరి చేశారు. పాతవాటికి ఫ్యానే గతి. ఒరిజినల్ లైసెన్సు మా దగ్గర పెట్టి వెళ్లమంటే అక్కణ్ణుంచే వెనక్కి తిరగాలి.

ఆఖరున మనుషుల్ని అడగాలి. పనిచేస్తున్నవాణ్ణి కాదు, మానేసినవాణ్ణి. "ఓనరు మంచోడేనా?" అంటే "మంచోడే" అంటారు. "పోయిన జీతం ఏ తారీకున పడింది? ట్రిప్పు లెక్క ఎన్నాళ్లకు తేల్చారు?" అనడగాలి. మావాడు గొల్లపూడి లారీ స్టాండులో ఇద్దర్ని పట్టుకున్నాడు. చేపల ఆఫీసు మానేసినతనికి ఇంకా రెండు ట్రిప్పుల డబ్బు రావాలట.

అక్కడే కంటైనరు కంపెనీ మేనేజరుకు ఫోన్ చేయించాను.

"సార్, బండి ఆగిన రోజుకు బత్తా ఉంటుందా?"

"ఉంటదమ్మా. ముందు వచ్చి చేరు, మాట్లాడుకుందాం."

"వాట్సాప్‌లో పెట్టండి సార్. చూసి రేపు పొద్దున్నే వస్తా."

రెండో టీ అయిపోయింది. మెసేజ్ రాలేదు. మావాడు గొణిగాడు. ఇంటికెళ్లి భోంచేస్తుంటే ఫోన్ మోగింది: "హాల్టింగ్ బత్తా రోజుకు 300, రెండో రోజు నుంచి." నాలుగొందలన్నది మూడొందలైంది, మొదటి రోజు ఎగిరిపోయింది. వాడు చీటీ తీసి 19,400 కొట్టేసి మళ్లీ లెక్క మొదలెట్టాడు.