ధ్వనుల గాదె

పెండ్లి యూరేగింపులందును తీర్థములందును డీజే పెట్టెలు మ్రోగుట మన కోనసీమ గ్రామములలో నెల్లరకు ననుభవమే. ఆ పాటలలో వినవచ్చు డప్పు దెబ్బ పెక్కుసారులు మునుపెన్నడో యొక కళాకారుడు వాయింపగా యంత్రమున భద్రపరచినది. దానిని సంగీతకర్త తన కంప్యూటరునుండి తీసి పాటలో పొదుగును. ఇట్టి ధ్వనులను వేలకొలది సేకరించి, పేర్లు పెట్టి, తరగతులుగా నమర్చిన భాండారమునకు శాంపిల్ లైబ్రరీ యని పేరు. ధాన్యపు గాదె నెరిగిన మన బాలబాలికలకు దీనిని ధ్వనుల గాదె యని చెప్పిన చాలును. ఈ గాదె యెట్లు నిండునో, అందలి గింజ యెవరి పంటయో యీ పాఠమున విచారింతము.

ధ్వని గాలియందలి కదలిక. మైక్రోఫోను దానిని విద్యుత్తుగా మార్చును. యంత్రము ఆ విద్యుత్తును సెకనుకు అనేక వేల మారులు కొలిచి, ప్రతి కొలతను నొక యంకెగా వ్రాసికొనును. కాంపాక్టు డిస్కునకు నిర్ణయించిన లెక్క సెకనుకు 44,100 కొలతలు. ఒక్కొక కొలతకు 16 బిట్లు, అనగా 2 బైట్లు. కుడి యెడమలకు వేర్వేరు వరుసలు గనుక సెకనుకు 44,100 × 2 × 2 = 1,76,400 బైట్లు పట్టును. ఒక నిమిషమున కెన్ని పట్టునో విద్యార్థులు లెక్కించి చూతురు గాక.

గాదెలోని ధ్వనులు ముఖ్యముగా రెండు విధములు. ఒక్క దెబ్బ మాత్రమే యున్నవి మొదటివి. కొన్ని యావర్తముల వాద్యమును మరల మరల తిరుగునట్లు కత్తిరించినవి రెండవవి. వీనిని లూపు లందురు. నిమిషమునకు 120 దెబ్బల వేగమున, నాలుగేసి దెబ్బల యావర్తములు నాలుగు గల లూపు సరిగా 8 సెకండ్లుండును. పాట వేగము 128 అయినచో నది 7½ సెకండ్లకు తగ్గవలెను. పూర్వము టేపును వేగముగా త్రిప్పినచో శ్రుతియు పైకి పోయెడిది. ఇప్పుడు కంప్యూటరు శ్రుతి చెడకుండ కాలమును మాత్రమే కుదించగలదు.

మన డప్పునే తీసికొందము. నిప్పుసెగకు కాచిన తోలు పలుకు వేరు, చల్లారిన తోలు పలుకు వేరు. లావుపాటి పుల్ల దెబ్బ వేరు, సన్నని పుల్ల దెబ్బ వేరు. ఐదు విధముల దెబ్బలను నాలుగు బలములతో, ఒక్కొక దానిని నాలుగేసి మారులు పట్టినచో 80 ధ్వను లగును. ఒకే దెబ్బను నాలుగు మారులు పట్టుట యెందుకనగా, మనుష్యుని చేయి రెండు మారులు సరిగా నొకే తీరున పడదు. ఒక్క ధ్వనినే తిరుగవేసినచో చెవి యంత్రమును వెంటనే పసిగట్టును.

1979లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఫెయిర్‌లైట్ యంత్రము, 1980లో అమెరికాలో వచ్చిన లిన్ డ్రమ్ము యంత్రము ధ్వనుల నిట్లు అంకెలుగా దాచి వాయించిన తొలి పరికరములలోనివి. అప్పుడవి ధనవంతులకే యందుబాటు. నేడా పని సామాన్యమైన కంప్యూటరు చేయుచున్నది.

అయితే గాదె నింపిన చేతుల సంగతి యేమి? 1969లో ది విన్‌స్టన్స్ అను అమెరికా బృందము ఆమెన్ బ్రదర్ అను వాద్యగీతమును వెలువరించెను. అందు గ్రెగొరీ కోల్‌మన్ అను డ్రమ్ము వాద్యకారుడు సుమారు 7 సెకండ్లు ఒంటరిగా వాయించెను. 1986లో డీజేల కొరకు కూర్చిన యొక రికార్డుల సంపుటమున నీ గీతము చేరెను. పిదప ఆ 7 సెకండ్లు వేలాది పాటలలోనికి ప్రాకి, 1990 తరువాతి యింగ్లాండు నృత్యసంగీతమున జంగిల్ అను శాఖకే యాధారమయ్యెను. బృందమునకు మాత్రము రాయల్టీ ముట్టలేదు. కోల్‌మన్ 2006లో పేదరికముననే మరణించెను. 2015లో సంగీతాభిమానులు చందాలు పోగుచేసి బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సరునకు సుమారు 24,000 పౌండ్లు సమర్పించిరి. అప్పటికి వాయించినవాడు లేడు.

మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. 1994 సవరణ ప్రదర్శకులకు ప్రత్యేక హక్కులను, 2012 సవరణ తమ ప్రదర్శనకు తమ పేరు చెప్పుకొను హక్కును కల్పించినవి. రాయల్టీ-ఫ్రీ యను మాటను గూర్చియు జాగ్రత్త వలయును. సాధారణముగా దాని యర్థము, ఒకమారు వెల చెల్లించినచో పాట పాటకు మరల చెల్లింప నక్కరలేదనియే. ఊరక లభించునని కాదు. ఆ ధ్వనులనే మరియొక గాదెగా కట్టి యమ్ముట పెక్కు ఒప్పందములలో నిషిద్ధము.

కావున విద్యార్థులారా, మీలో నెవరైన డప్పు, డోలు, సన్నాయి ధ్వనులను సేకరింపబూనినచో ముందుగా వాయించువారి సమ్మతి పొందుడు. వారి శ్రమకు తగిన ప్రతిఫలము నిండు. ప్రతి ధ్వనికిని వాయించినవారి పేరు, ఊరు, తేదీ, వాద్యము, వేగము వ్రాసి యుంచుడు. డప్పు వాయించిన కులములను మన సమాజము చిరకాలము ఊరి వెలుపల నుంచినది. వారి దెబ్బను తీసికొని పేరును వదలివేయుట ఆ యన్యాయమునకే క్రొత్త రూపు.

పి.గన్నవరమున వైనతేయపై కట్టిన నూతన అక్విడెక్టు, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేర వెలయుచున్నది. పెట్టిన చేతిని పేరుతో తలచుట మన ప్రాంతపు మర్యాద. మన చెవికి విందు చేసిన చేతికిని ఆ మర్యాదయే చెల్లవలెనని మా కోరిక.