పిల్లలతో కలిసి పతంగి ఎగరేయండి



సంక్రాంతికి పిల్లలు పతంగి అడిగితే వద్దనకండి, మీరూ వెంట వెళ్లండి. సూత్రం కట్టడం, గాలి ఎటు వీస్తోందో చూడడం నాకు మా నాన్నగారే నేర్పారు. ఆడపిల్లకెందుకని ఇరుగుపొరుగు నవ్వినా ఆయన పట్టించుకోలేదు.

ఒక పండుగనాడు తొమ్మిదేళ్ల బాబును క్యాజువాలిటీకి తెచ్చారు. పైకి చూస్తూ వెనక్కి నడిచి డాబా మీంచి పడ్డాడు. తండ్రి కింద గదిలో టీవీ చూస్తున్నారట. బాబు బతికాడు గానీ, ఆ తండ్రి ముఖం నేను మరచిపోలేదు. పిట్టగోడ లేని డాబా వద్దు, మైదానం మేలు.

దారం మామూలు నూలుదే కొనండి. చైనా మాంజా అనే నైలాన్ దారం తేలికగా తెగదు, దారిన పోయేవారి మెడ కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దాన్ని దేశమంతటా నిషేధించింది. కరెంటు తీగకు చిక్కిన పతంగిని అక్కడే వదిలేయండి.

వేలు తెగితే నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. కుట్లు వేసేముందు మేము అదంతా కడగాలి, ఏడ్చేది పిల్లవాడే. మెడ తెగితే అదిమిన చెయ్యి తీయకుండా వెంటనే తీసుకురండి. వచ్చేటప్పుడు టీకాల కార్డు తెస్తే, టీ.టీ. ఇంజక్షన్ కావాలో లేదో చూస్తాం.