కాళ్ళ తిమ్మిర్లను తేలికగా తీసుకోవద్దు



"సిస్టరమ్మా, దూది మీద నడిచినట్టుంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు" అంటూ మా ఓ.పి.కి కొందరు వస్తుంటారు. అరికాళ్ళలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లు ఉండడం మొదటి గుర్తులు. తరువాత ముఖం కడుక్కునేటప్పుడు, ప్రార్థనలో కళ్ళు మూసుకొని నిలబడినప్పుడు తూలిపోతారు. వయసు మీద పడిందనో, మిరప కోతల్లో వంగి పనిచేసినందుకనో అనుకొని నెలల తరబడి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే ప్రమాదం. ఇది బి12 విటమిన్ లోపం కావచ్చు.

వెన్నుపాముకు ఏమవుతుంది?

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే నరాలకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. బి12 లేకపోతే అది పాడవుతుంది. పాదం ఎక్కడ ఉన్నదో మెదడుకు తెలిపే నరాలు వెన్నుపాము వెనుక భాగంలో ఉంటాయి. సాధారణంగా ముందు దెబ్బతినేవి అవే. కళ్ళు తెరిచి ఉంటే చూపు సాయపడుతుంది. మూస్తే ఆ సాయమూ పోతుంది.

ఎం.ఆర్.ఐ. తీస్తే కొందరిలో ఆ భాగం తెల్లని చారగా, అడ్డకోతలో తిరగేసిన 'వి' అక్షరంలా కనబడుతుంది. స్కానింగు బాగానే ఉన్నంత మాత్రాన లోపం లేదని కాదు. రక్తంలో బి12 పరీక్ష తప్పక చేయించాలి.

రక్తం బిళ్ళలు చాలవా?

భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఎందరికో రక్తం పట్టింది. అయితే బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తం పెరిగినా, నరాల జబ్బు ముదరడం వైద్యులు గమనించారు. బి12ను విడదీసింది 1948లో. అందుచేత హిమోగ్లోబిన్ బాగుందని తిమ్మిర్లను వదిలేయకండి. గర్భిణీ స్త్రీలు మాత్రం డాక్టరు ఇచ్చిన ఐరన్, ఫోలిక్ బిళ్ళలు మానకూడదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

1. మాంసం, గుడ్లు ముట్టక, పాలు పెరుగు కూడా సరిగా తీసుకోనివారు.
2. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాసుకు ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారు. మాత్రలు సొంతంగా మానవద్దు, పరీక్ష చేయించుకోండి.
3. కడుపు ఆపరేషన్ అయినవారు, వృద్ధులు.
4. బి12 లోపం ఉన్న తల్లుల పాలు తాగే పసిబిడ్డలు.

ఏమి చేయాలి?

పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, కాలేయంలో బి12 ఉంటుంది. ఆకుకూరలు మంచివే కాని వాటిలో ఇది లేదు. నరాలు దెబ్బతిన్నవారికి ఆహారం ఒక్కటే చాలదు, ఇంజెక్షన్లు కావాలి. మొదట వెంట వెంటనే, తరువాత దూరం దూరంగా ఇస్తారు. కొందరికి జీవితాంతం అవసరం. తిమ్మిర్లు తగ్గగానే మధ్యలో ఆపవద్దు.

త్వరగా మొదలుపెట్టినవారు చాలావరకు కోలుకుంటారు. ఆలస్యమైతే కర్ర సాయం మిగిలిపోవచ్చు. ఈ రాత్రి మీ ఇంట్లో పెద్దవారిని ఒక్క మాట అడగండి: "కాళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయా?" అవునంటే వాయిదా వేయక ఆసుపత్రికి తీసుకొని రండి.