సింహాచలం కొండ తయారైన తీరు

ముందుగా బురద. ఆషాఢంలో జనం చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు నడిచి ప్రదక్షిణ చేసే కొండకు ముడిసరుకు అదే. వంద కోట్ల ఏళ్లకు చాలా ముందు, ఒక పాత సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్న బంకమట్టి, దాంట్లో కాస్త ఇసుక.

ఆ తర్వాత నొక్కుడు. భూమి పైపెంకు ఒక్కటిగా లేదు, పలకలుగా విడిపోయి ఉంది. ఒక పలక బరువైన అంచు లోపలికి కుంగితే మిగతాదంతా దాని వెంట లాగబడుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, ఇంచుమించు మన గోళ్లు పెరిగే వేగం. అలా కదిలి కదిలి, సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం మన నేలా తూర్పు అంటార్కిటికా నేలా ఢీకొన్నాయి. నడుమ చిక్కిన బురద కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. తూర్పు కనుమల కింద కొన్నిచోట్ల వేడి 900 డిగ్రీలు దాటింది. కరిగీ కరగకుండా ఉడికిన ఆ మట్టి వేరే రాయిగా మారింది.

ఆ రాయి ఖోండలైట్. మన కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఈ కొండమీద వెలసిన స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడు చందనం ఒలిస్తే కనిపిస్తుంది. కొండ నిజరూపం కావాలంటే రోడ్డు కోసం తొలిచిన చోట ఆగి చూడాలి. పైన తుప్పురంగు, లోపల బూడిదరంగు చారలు, వాటిలో కందిగింజలంత ఎర్రటి గార్నెట్లు. వేలితో రాస్తే ఒక్కోచోట పెన్సిల్ నలుపు అంటుతుంది. అది గ్రాఫైట్. ఇంత చూశాక ఆ రాయిని ఊరికే కొండరాయి అనడానికి నాకు నోరు రాదు.

లోతున ఉడికింది పైకి రావాలంటే, మీదున్న పర్వతం మొత్తం అరిగిపోవాలి. అరిగింది. కోట్ల ఏళ్లు పట్టింది.

ఇక చీలిక. దాదాపు 13 కోట్ల ఏళ్ల క్రితం అతికిన నేల మళ్లీ విడిపోయింది. పగులులోకి నీళ్లొచ్చి, అదే పెరిగి బంగాళాఖాతమైంది, మనకు తీరం ఏర్పడింది. కొండల రెండో అంచు అంటార్కిటికా మంచు కింద ఉండిపోయింది. 2012లో మన దేశం భారతి పరిశోధన కేంద్రం తెరిచింది ఆ వైపునే. మన పలక మాత్రం ఉత్తరానికి పరుగుతీసి, సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను గుద్ది హిమాలయాలను లేపింది. సింహాచలం ముందు అవి పసిపిల్లలు.

చివరి పని వానది. మెత్తని భాగం కొట్టుకుపోయి, గట్టి రాయి కొండ వరసలుగా మిగిలింది. విశాఖలో సముద్రంలోకి చొచ్చుకెళ్లిన డాల్ఫిన్స్ నోస్ కొండ ఆ గట్టితనమే. దాని చాటునే 1933లో రేవు తెరిచారు.

ఆ పని ఇంకా ఆగలేదు. అల వెనక్కి తగ్గాక భీమిలి ఒడ్డున తడి ఇసుక మీద ముదురు ఎరుపు చారలు కనిపిస్తాయి. చిటికెడు తీసి ఎండకు పట్టండి, ఈ కనుమల గార్నెట్లు మెరుస్తాయి.