రీల్స్‌లో కనిపించని రాయబారి పని

'మా వాడికి జనరల్ నాలెడ్జ్ బాగా ఉంది, ఇంగ్లిష్ గడగడా మాట్లాడతాడు, ఐఎఫ్‌ఎస్ చేయిద్దామనుకుంటున్నాం' అనే తల్లిదండ్రులు ఈ మధ్య బాగా పెరిగారు. తీరా అడిగితే ఆ పిల్లాడు చదివేది ఎనిమిదో తరగతి. విదేశాంగ మంత్రి విలేకరులకు దీటుగా బదులిచ్చిన వీడియోలు, ఐక్యరాజ్య సమితిలో మన ప్రతినిధి పాకిస్థాన్‌కు గట్టిగా జవాబు చెప్పిన క్లిప్పులు చూసి, ఐఎఫ్‌ఎస్, అంటే భారత విదేశాంగ సర్వీసు ఉద్యోగమంటే అదేనని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. మాటకారితనం, సూటు, విదేశీ కాపురం. ఈ మూడింటి కోసమే అయితే పిల్లల్ని ఆ దారిలోకి తోయొద్దు.

ఆ పని చేసినవాళ్లు ఏం రాసుకున్నారో ముందు చదవండి. హైదరాబాద్ వాసి సయ్యద్ అక్బరుద్దీన్ ఐరాసలో మన శాశ్వత ప్రతినిధిగా ఉండగా, 2017లో అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎన్నిక జరిగింది. చివరి స్థానానికి మన దల్వీర్ భండారీ, బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్ పోటీలో మిగిలారు. గెలవాలంటే సర్వప్రతినిధి సభలోనూ భద్రతా మండలిలోనూ మెజారిటీ రావాలి. సభలో మనది పైచేయి, మండలిలో బ్రిటన్‌ది. ఓటింగ్ రౌండ్ల మీద రౌండ్లు సాగింది. చివరికి నవంబర్ 20న బ్రిటన్ తప్పుకుంది. భండారీకి సభలో 193కు 183 ఓట్లు, మండలిలో 15కు 15 వచ్చాయి. ఆ కోర్టు మొదలైన 1946 నుంచి బ్రిటన్ జడ్జి లేకుండా పోవడం అదే తొలిసారి. అక్బరుద్దీన్ ఈ కథంతా 'ఇండియా వర్సెస్ యూకే' పుస్తకంలో రాశారు. సభలో చిన్న ద్వీప దేశానిదీ ఒక ఓటే, పెద్ద దేశానిదీ ఒక ఓటే. ఒక్కొక్కరినీ విడిగా కలిసి, వాళ్ల అవసరమేమిటో విని, నమ్మకం కుదుర్చుకుంటే తప్ప అలాంటి ఎన్నిక గెలవలేం. కెమెరా ముందు జవాబిచ్చేది కొన్ని నిమిషాలు, వినేది ఏళ్ల తరబడి.

విదేశాంగ కార్యదర్శిగా చేసిన శివశంకర్ మీనన్ రాసిన 'చాయిసెస్' పుస్తకం ఇంకా లోతైనది. 1993లో ప్రధాని పి.వి.నరసింహారావు బీజింగ్ వెళ్లినప్పుడు చైనాతో కుదిరిన సరిహద్దు శాంతి ఒప్పందం వెనక కసరత్తు చేసిన అధికారుల్లో ఆయన ఒకరు. 2008 ముంబయి దాడుల తర్వాత పాకిస్థాన్‌పై సైనిక చర్యకు ఎందుకు దిగలేదన్నదీ అందులో చర్చించారు. దౌత్యంలో పూర్తిగా మంచి నిర్ణయం అరుదు, ఉన్నవాటిలో తక్కువ నష్టం కలిగించేదాన్ని ఎంచుకోవాలి. ప్రతి చర్చలోనూ తనదే గెలుపు కావాలని పట్టుబట్టే స్వభావమున్న పిల్లలకు ఈ ఉద్యోగం నరకమే.

ఇక విదేశీ కాపురం సంగతి. సుమారు మూడేళ్లకో బదిలీ. పిల్లల బడి మారుతుంది, జీవిత భాగస్వామి ఉద్యోగం ఆగిపోతుంది. పోస్టింగుల్లో పారిస్ ఉన్నట్టే కాబూల్ కూడా ఉంటుంది. 2008 జులై 7న కాబూల్‌లోని మన రాయబార కార్యాలయంపై జరిగిన బాంబు దాడిలో వి.వెంకటేశ్వరరావు అనే ఐఎఫ్‌ఎస్ అధికారి ప్రాణాలు కోల్పోయారు. ఈ సర్వీసు పేరెత్తినప్పుడు ఆయన పేరు కూడా పిల్లలకు చెప్పాలని నేను పట్టుబడతాను.

గల్ఫ్ పోస్టింగులైతే మనవాళ్లకు మరీ దగ్గరివి. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లిన కార్మికుడికి జీతం ఆగినా, యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా, అక్కడే చనిపోతే శవం ఇంటికి రావాలన్నా కాగితాలు కదలాల్సింది రాయబార కార్యాలయంలోనే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చారు. దాని వెనక ఉన్నది జాబితాలు, ప్రయాణ పత్రాలు, బస్సులు, విమానాలు, నిద్రలేని రాత్రులు. ఈ పని మీద మనసున్న పిల్లలు నాకు కనిపిస్తే, వాళ్ల ఇంగ్లిష్ తడబడినా సరే, ప్రోత్సహిస్తాను. ఐఎఫ్‌ఎస్‌కు దారైన సివిల్స్ పరీక్షలో మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. ఇంగ్లిష్ పేపర్‌లో అర్హత మార్కులు వస్తే చాలు.

ఆడపిల్లకు ఈ ఊరూరా తిరిగే కొలువెందుకనే తల్లిదండ్రులకు సి.బి.ముత్తమ్మ గురించి చెబుతాను. 1949లో ఐఎఫ్‌ఎస్‌లో చేరిన తొలి మహిళ ఆమె. పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, పెళ్లయ్యాక రాజీనామా చేయమన్నా చేయాలనే నిబంధనలు అప్పుడుండేవి, అవీ మహిళలకే. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల వివక్షను గట్టిగా తప్పుపట్టారు. ఆ తర్వాతి కాలంలో ముగ్గురు మహిళలు విదేశాంగ కార్యదర్శులయ్యారు.

సివిల్స్ అర్హత గురించి ఒక్క మాట: ఏదైనా డిగ్రీ, 21 నుంచి 32 ఏళ్ల వయసు, జనరల్‌కు ఆరు ప్రయత్నాలు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు.

నాకు కోపం తెప్పించేది దీని చుట్టూ పెరిగిన వ్యాపారం. ఆరో తరగతి నుంచే 'ఐఏఎస్ ఫౌండేషన్' అంటారు, ఇంటర్‌తోపాటే సివిల్స్ అంటారు, ఐరాస సమావేశాలను అనుకరించే మోడల్ యునైటెడ్ నేషన్స్ పోటీలకు వేలకు వేలు ఫీజు కట్టించి కాబోయే రాయబారి అని సర్టిఫికెట్ ఇస్తారు. ఆ పోటీల్లో సరదా ఉంది, సభలో మాట్లాడే బెరుకు కొంత పోతుంది. యూపీఎస్సీలో మాత్రం ఒక్క మార్కూ రాదు. పన్నెండేళ్ల పిల్ల ఆడుకునే సాయంత్రాన్ని పదేళ్ల తర్వాతి పరీక్షకు తాకట్టు పెట్టడం అన్యాయం. ర్యాంకర్ల ఫొటోలు చూసి కూడా మోసపోవద్దు. కేవలం ఇంటర్వ్యూ శిక్షణకు వచ్చినవారిని పూర్తి కోర్సు చదివినట్టు చూపిన సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ జరిమానాలు వేసింది. 2024లో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలూ తెచ్చింది. ఫీజు కట్టేముందు 'ఈ ర్యాంకర్ మీ దగ్గర చదివింది ఏ కోర్సు, ఎన్ని నెలలు?' అని రాతపూర్వకంగా అడగండి.

లెక్క కూడా చూడండి. లక్షల మంది రాస్తే సివిల్స్‌లో అన్ని సర్వీసులకూ కలిపి ఎంపికయ్యేది సుమారు వెయ్యి మంది. వారిలో ఐఎఫ్‌ఎస్‌కు వెళ్లేది కొన్ని పదుల మందే. కాబట్టి చేతిలో ఇంకో బతుకుతెరువు లేకుండా ఢిల్లీ గదుల్లో ఆరు ప్రయత్నాలూ ఖర్చుపెట్టే దారిని నేను ఎవరికీ చెప్పను.

నాకు నచ్చిన దారి వేరు. ఇష్టమైన సబ్జెక్టులో డిగ్రీ, దాంతోపాటు ఒక విదేశీ భాష. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో అరబిక్, రష్యన్, స్పానిష్, జపనీస్ వంటివి నేర్పుతారు. ఐఎఫ్‌ఎస్ వచ్చినా అధికారి ఒక విదేశీ భాషలో నెగ్గితేనే ఉద్యోగం ఖరారవుతుంది, ఆ కొలువు రాకపోతే ఆ భాషే అనువాదకుడిగానో కంపెనీలోనో తిండి పెడుతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష ద్వారా విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా చేరే మార్గాన్ని మనవాళ్లు చాలా చిన్నచూపు చూస్తున్నారు. దానికీ డిగ్రీ చాలు, రాయబార కార్యాలయాల్లో పోస్టింగులూ ఉంటాయి. ఆ ఉద్యోగం చేస్తూ వయసున్నంత వరకు సివిల్స్ రాసుకోవచ్చు.

పిల్లలు డిగ్రీ రెండో ఏడాదికొచ్చి, రోజూ పేపర్‌లో ప్రపంచ వార్తల పేజీ ఎవరూ చెప్పకుండానే చదువుతుంటే అప్పుడు నా దగ్గరకు తీసుకురండి. వచ్చేటప్పుడు వాళ్లనే మాట్లాడనివ్వండి.