విత్తనములో దాగిన వారసత్వము

"విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా" అని మన పెద్దలు సామెత చెప్పుదురు. వరి చల్లిన చోట వరియే మొలచును. కంది వేసిన చోట కందియే మొలచును. ఇందులో సందేహము లేదు. కాని సంకర మొక్కజొన్న పండించి, అందులో నిండైన కండెలను ఏరి దాచి, మరుసటి ఏడు విత్తిన రైతును అడిగి చూడుడు. విత్తినది మొక్కజొన్నయే, మొలచినదియు మొక్కజొన్నయే. అయినను చేనులో ఒక మొక్క నిలువెత్తు, ఒక మొక్క నడుమెత్తు; ఒక కండె నిండుగా, వేరొకటి సగము బోడిగా ఉండును. ఇట్లు నష్టపోయిన పెద్దమనిషి ఒకరు శిక్షణ తరగతిలో నన్ను ఇట్లడిగినారు: "అయ్యా, నేను ఏరినవి మేలైన కండెలే గదా! ఎరువు తగ్గించలేదు, తడి తప్పలేదు. తప్పెక్కడ జరిగినది?"

తప్పు ఎరువులో లేదు, నీటిలోను లేదు. గింజ లోపలి వారసత్వములో ఉన్నది. ఏ పంట విత్తనము దాచుకొనవచ్చునో, ఏది దాచరాదో తెలియుటకు ఆ వారసత్వము నడచు తీరు కొంత తెలిసికొనవలెను. ఇది పండితులకే గాని రైతుకు పట్టదను మాట సరికాదు.

గింజలో ఏమున్నది?

మొక్క శరీరమంతయు కంటికి కనిపించనంత చిన్న కణములతో ఏర్పడినది. ప్రతి కణము నడుమ కేంద్రకమును, అందులో సన్నని పోగుల వంటి క్రోమోసోములును కలవు. ఇవి జతలుగా ఉండును. వరిలో 12 జతలు, మొక్కజొన్నలో 10 జతలు, మనుష్యులలో 23 జతలు. ప్రతి జతలోను ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వచ్చినవి. మొక్కకు తల్లిదండ్రులేమిటని సందేహింపవద్దు. గింజ కట్టిన మొక్క తల్లి. పుప్పొడి ఇచ్చిన మొక్క తండ్రి. వరిలో సాధారణముగా ఒకే పువ్వు రెండు పనులును చేయును. మొక్కజొన్నలో తలపైనున్న మగపూత పుప్పొడి రాల్చును. గాలికి వచ్చిన ఆ పొడిని కండె పీచు అందుకొనును. ఆ పొడి పక్క చేను నుండియు రావచ్చును.

క్రోమోసోములలో వారసత్వమును మోయు పదార్థము పేరు డి.ఎన్.ఎ. ఇది మెలిపెట్టిన తాడు నిచ్చెన వలె ఉండునని 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. రోసలిండ్ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞురాలి ఎక్స్‌రే చిత్రములు వారికి ఎంతయు తోడ్పడినవి. ఈ నిచ్చెన మెట్లు నాలుగు పదార్థములతో ఏర్పడినవి. అడినైన్ ఎదుట థైమిన్, గ్వానైన్ ఎదుట సైటోసిన్ మాత్రమే నిలుచును. అందుచేత నిచ్చెన నిలువునా రెండుగా చీలినను, ఒక్కొక్క సగము తన జత సగమును తప్పులేకుండ తిరిగి కట్టుకొనగలదు. కణము రెండైనప్పుడెల్ల ఈ విధముగానే వారసత్వము నకలగును.

ఈ నాలుగు పదార్థములను నాలుగు అక్షరములనుకొనిన, మొక్కకు ఒక పనిని తెలుపు వాక్యమే జన్యువు. కాడ ఎంత ఎత్తు పెరుగవలెను, ఏ తెగులును తట్టుకొనవలెను అను విషయములు అట్టి వాక్యములలో వ్రాయబడి ఉన్నవి. వరి 12 క్రోమోసోములలోని సుమారు 39 కోట్ల అక్షరముల వరుసను పలు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి చదివి 2005లో ప్రకటించిరి. వారిలో భారతీయులును కలరు.

పొట్టి వరి నేర్పిన పాఠము

జన్యువులు ఒక తరము నుండి మరొక తరమునకు ఎట్లు చేరునో మొదట కనుగొనినవాడు గ్రెగర్ మెండెల్. నేటి చెక్ దేశములోని బ్రనో పట్టణమున ఒక మఠములో ఉండి, తోటలో బఠాణీలు పెంచి, 1865లో ఆయన తన ఫలితములను చదివి వినిపించెను. అప్పుడు లోకము పట్టించుకొనలేదు; 1900లో గాని వాటి విలువ తెలియలేదు. ఆ సూత్రమును మనకు తెలిసిన వరిలోనే చూతము.

1962లో ఫిలిప్పీన్సు దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో, పొడుగుగా పెరుగు పేటా అను రకమును, డీ-జియో-వూ-జెన్ అను తైవాను పొట్టి రకముతో సంకరపరచిరి. మొదటి తరము మొక్కలన్నియు పొడుగే. పొట్టితనము పూర్తిగా పోయినట్లే కనిపించినది. కాని వాటి గింజలు విత్తగా, రెండవ తరములో సుమారు నాలుగింట ఒక వంతు మొక్కలు పొట్టివి వచ్చినవి. పోయినదనుకొన్న గుణము ఎక్కడ నుండి తిరిగి వచ్చినది?

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. రెండు కుండలు తీసికొని, ఒక్కొక్క దానిలో పెసలు, మినుములు చెరి సగము కలుపుడు. కన్నులు మూసికొని ఒక్కొక్క కుండ నుండి ఒక్కొక్క గింజ తీసి జత చేయుడు. ఇట్లు నూరు మార్లు చేసిన, సుమారు 25 మార్లు రెండును పెసలు, 25 మార్లు రెండును మినుములు, 50 మార్లు ఒక పెసర, ఒక మినుము వచ్చును. మొదటి తరము మొక్కలో జరుగునది ఇదియే. దానిలో పొడుగు జన్యువొకటి, పొట్టి జన్యువొకటి కలవు. పొడుగు జన్యువు బహిర్గతము. పొట్టి జన్యువు అంతర్గతము. రెండును కలిసిన చోట పొడుగే పైకి కనిపించును. పుప్పొడియు అండమును ఏర్పడునప్పుడు ఈ జంట విడిపోయి, ఒక్కొక్క దానికి ఒక్కటే చేరును. అవి తిరిగి కలియునప్పుడు నాలుగింట ఒక చోట రెండును పొట్టి జన్యువులే పడును. అప్పుడు పొట్టితనము బయటపడును.

ఆ పొట్టి మొక్కలలో మేలైన వాటిని తరతరములు ఏరగా, 1966లో ఐ.ఆర్.8 అను రకము వెలువడినది. మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దీనిని పండించి పేరు గాంచిరి. పొడుగు రకములకు ఎరువు ఎక్కువ వేసిన, కాడ ఎత్తుగా సాగి, వెన్ను బరువుకు పడిపోవును. పొట్టి రకము కాడ గట్టిగా నిలిచి, ఎరువును గింజగా మార్చును. ఎత్తు పెంచు జిబ్బరెల్లిన్ అను పదార్థము తయారగుటకు తోడ్పడు జన్యువులో కొంత భాగము లోపించుటయే ఆ పొట్టితనమునకు కారణమని తరువాత తేలినది. ఒక్క వాక్యములో కొన్ని అక్షరములు జారిపోగా దేశముల ఆకలి తీరుటకు దారి ఏర్పడినది.

కంటికి కనిపించిన మేలు వారసత్వమేనా?

చేనులో బలమైన మొక్కను చూడగానే దాని విత్తనమును దాచవలెనని తోచును. కాని ఆ మొక్క పేడదిబ్బ పక్కన ఉన్నదేమో, కాలువ గట్టున తడికి చేరువగా ఉన్నదేమో, చుట్టును మొక్కలు చచ్చి వెలుతురు ఎక్కువ పొందినదేమో చూడవలెను. నేల, నీరు, ఎరువు వలన వచ్చిన బలము ఆ మొక్కతోనే తీరిపోవును, గింజలోనికి దిగదు.

డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్సెన్ దీనిని చిక్కుడు గింజలతో నిరూపించి 1903లో ప్రకటించెను. ఒకే శుద్ధ వంశమునకు చెందిన గింజలలో పెద్దవి వేరుగా, చిన్నవి వేరుగా విత్తగా, రెండింటి సంతతి గింజలును సగటున ఒకే బరువు తూగినవి. ఒకే జన్యువులు గల గింజలలో పెద్దవి ఏరినందున జాతి మారదని దీని అర్థము. నిండు గింజ బాగుగా మొలచును గనుక ఏరుట మంచిదే. కాని అందువలన రకము మెరుగుపడునని తలచరాదు.

సూటి రకము, సంకర రకము

వరిలో బి.పి.టి.5204, స్వర్ణ వంటివి సూటి రకములు. రెండు రకములను కలిపిన తరువాత, అనేక తరములు స్వపరాగ సంపర్కముతో నడిపి, ఏరి, వీటిని స్థిరపరచిరి. ప్రతి తరములోను మిశ్రమ జంటలు సగమునకు తగ్గును. రెండవ తరములో సగము, మూడవ తరములో నాలుగవ వంతు, ఎనిమిదవ తరమునకు 128వ వంతు మిగులును. కుండలో పెసలే ఉన్న ఎన్ని మార్లు తీసినను పెసలే వచ్చునట్లు, సూటి రకము విత్తనము ఏటేట అదే పంటనిచ్చును.

సంకర రకము సంగతి వేరు. రెండు శుద్ధ వంశములను కలుపగా వచ్చిన మొదటి తరమే మనము కొను విత్తనము. దాని మొక్కలన్నియు ఒకే తీరున, తల్లిదండ్రులకంటె బలముగా పెరుగును. దీనిని సంకర బలమందురు. ఆ పంట గింజ రెండవ తరము. అందులో మిశ్రమ జంటలు సగమునకు తగ్గును. దానితో బలమును తగ్గును. అంతేకాదు, గుణములు చెదరిపోవును. ఒక్క జన్యువు విషయములో మూడు తీరులు, రెండింటి విషయములో తొమ్మిది తీరులు, పది జన్యువుల విషయములో 59,049 తీరులు ఏర్పడవచ్చును. పంట ఒక్కసారి పూతకు రాదు, ఒక్కసారి కోతకు రాదు.

సంకర వరి గింజ దాచి విత్తిన, కొన్ని మొక్కల పుప్పొడికి శక్తి లేక వెన్నులు తాలుపోవును. పత్తిలో ఈ నష్టము మరియొక విధముగా వచ్చును. తల్లిదండ్రులలో ఒక దానియందే బి.టి. జన్యువున్న సంకరములో, రెండవ తరమున నాలుగింట ఒక మొక్కకు ఆ జన్యువే ఉండదు. పైకి అన్ని మొక్కలు ఒకటే. కాయతొలుచు పురుగు వచ్చినప్పుడు గాని తేడా తెలియదు.

శిక్షణ తరగతిలోని పెద్దమనిషి ప్రశ్నకు సమాధానమిదియే. ఆయన ఏరిన కండె మేలైనదే. కాని ఆ మేలు ఒక తరమునకే కట్టిన మేలు. విత్తనపు ఖర్చు మిగిలినదనుకొన్నారు. దున్నకము, ఎరువు, కూలి, ఒక కారు కాలము చేజారినవి.

రైతులు పాటింపవలసిన విషయములు

1. విత్తనము కొనునప్పుడు సంచి చీటీ చదివి, సూటి రకమో సంకర రకమో తెలిసికొనవలెను. పంట ముగియువరకు చీటీని, రసీదును భద్రపరచవలెను.

2. సంకర రకముల గింజను తిండికి, అమ్మకమునకు వాడవలెను గాని విత్తనమునకు దాచరాదు.

3. వరి, వేరుశనగ, పెసర, మినుము పంటల సూటి రకముల విత్తనము దాచుకొనవచ్చును. కందిలో తేనెటీగల వలన పరపరాగ సంపర్కము కొంత జరుగును గనుక, ఇతర కంది రకములకు దూరముగా ఉన్న చేనునుండి తీయవలెను.

4. మొక్కజొన్న కాంపోజిట్ రకముల విత్తనము దాచుకొనవచ్చును. కాని పుప్పొడి గాలికి వచ్చును గనుక, ఇతర మొక్కజొన్న చేలకు కనీసము 200 మీటర్ల దూరము ఉండవలెను. వరికి 3 మీటర్లు చాలును.

5. విత్తనమునకు చేను నడిభాగమును ఎంచుకొని, గట్టు వెంబడి వరుసలు వదలవలెను. పూత సమయమునను, కోతకు ముందును చేనంతయు తిరిగి, ఎత్తులో, వెన్ను తీరులో, గింజ రంగులో తేడాగల కేళీలను వేళ్లతో సహా తీసివేయవలెను.

6. కళ్లము, గోనెలు శుభ్రపరచి, వేరు రకము గింజ కలియకుండ చూడవలెను. వరి విత్తనమును తేమ 13 శాతమునకు మించకుండ ఆరబెట్టి నిల్వ చేయవలెను.

7. విత్తుటకు ముందు నూరు గింజలు తడిగుడ్డలో ఉంచి మొలక పరీక్ష చేయవలెను. వరిలో 80కి తగ్గకుండ మొలవవలెను.

8. ఎంత జాగ్రత్త తీసికొనినను కలగలుపు కొంత జరుగును. అందుచేత మూడు నాలుగేండ్లకొకసారి ధృవీకరించిన విత్తనము కొత్తగా తెచ్చుకొనవలెను.

సొంత పంట విత్తనమును దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతుకు హక్కు నిచ్చినది. హక్కు చట్టము నుండి వచ్చును. ఆ విత్తనమునకు ఫలితమిచ్చు శక్తి మాత్రము జన్యువుల నుండియే రావలెను.

ఒక్క జన్యువు విలువ

పాత రకములను పనికిరానివని పారవేయరాదని కూడ వారసత్వ శాస్త్రము మనకు తెలుపుచున్నది. ఒడిశాలోని ఒక దేశవాళీ వరి నుండి ఏరిన ఎఫ్.ఆర్.13ఎ అను రకమునకు దిగుబడి తక్కువ. కాని నీట మునిగినను బ్రతుకు గుణము కలదు. ఆ గుణమునకు మూలమైన సబ్1 జన్యువును స్వర్ణలో చేర్చగా, సుమారు రెండు వారముల మునకను తట్టుకొను స్వర్ణ-సబ్1 రకము 2009లో మన దేశమున విడుదలైనది. అట్లే సాంబ మసూరి బియ్యపు గుణము చెడకుండ, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి, హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ, కణ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రము కలిసి మెరుగైన సాంబ మసూరిని రూపొందించినవి. ఇవి సూటి రకములు గనుక వీటి విత్తనమును రైతు దాచుకొనవచ్చును.

మన సామెత అబద్ధము కాదు. విత్తిన దానిలో ఏమున్నదో అదియే మొలచును. అయితే గింజలో ఉన్నదంతయు పైకి కనిపించదు. కావున ఈసారి గాదె నుండి విత్తనము తీయునప్పుడు గింజ నిండుదనమును చూచి ఊరకుండక, అది ఏ రకపు సంతతియో, ఎన్నవ తరమో విచారింపుడు. సందేహమున్న ఎడల దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమును గాని, పరిశోధనా స్థానమును గాని విత్తుటకు ముందే అడుగుడు. మొలచిన తరువాత అడిగిన, ఆ కారు తిరిగి రాదు.